విప్పని కుట్లు

సరిహద్దు కాపలాకి పిలుపు వచ్చినవాడు ఇనుముంటే ఇనుప కవచం తొడుక్కుని రావాలి. అది లేకపోతే తోలుది, అదీ లేకపోతే కాగితానిది. ఏదీ లేనివాడు వీపు తెచ్చుకుంటే చాలు, కొరడా కచేరీలోనే ఉంటుంది. ఇదీ రాజుగారి ఆజ్ఞ.

జొంజు పట్నానికి ఎగువన, కొండల నడుమ ఉన్న ఆ లోయలో ఈ ఆజ్ఞ చాటింపు వేసినప్పుడల్లా జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవారు. ఏడవలేక నవ్వడమే అది. ఆ ఊళ్ళో ప్రతి గోడకీ కాగితమే ఆరుతుంటుంది, ఒక్క ఇంట్లోనూ కాగితం ముక్క దొరకదు. మంచి తావు ప్రతిదీ కచేరీవాళ్ళు పట్టుకుపోతారు. చినిగినవి గుజ్జు తొట్టిలోకి పోయి, మళ్ళీ మంచి తావులై, మళ్ళీ కచేరీకే పోతాయి. దేశంలోని కిటికీలన్నిటికీ కాగితం అందించి, తమ కిటికీలకి గడ్డిచాప కట్టుకునే ఊరది.

బున్నే ఆ ఊరి ఆడపడుచే, ఆ ఊరి కోడలే. నడక రాకముందే కాగితం చేసే తాక్ చెట్టు బెరడు ఒలిచిందని చెప్పుకుంటారు. అది కాస్త పెంచి చెప్పడమే గానీ, ఆ చేతులు చూస్తే ఎవరైనా నమ్ముతారు. బెరడు ఉడకబెట్టడం, నలగ్గొట్టడం, తావులు గోడకి అతకడం, అన్నీ ఆ చేతుల్లోంచి పోయిన పనులే. మొగుడు తొట్టి దగ్గర మనిషి. నీళ్ళు ఎంత చల్లగా ఉంటే కాగితం అంత బాగా వస్తుంది కాబట్టి, చలికాలమంతా మోచేతుల దాకా మంచునీళ్ళలోనే ఉండేవాడు. చలి ముందు వేళ్ళల్లోకి, తర్వాత గుండెల్లోకి దిగింది. చిన్నకొడుకు ఇంకా ఒళ్ళో ఉండగానే ఆయన దగ్గి దగ్గి పోయాడు.

పెద్దవాడికి ఆయనే మాన్సోక్ అని పేరు పెట్టాడు. పదివేల బస్తాల వడ్లు అని అర్థం. ఇంట్లో ఏనాడూ ఒక బస్తా నిండుగా ఉన్నది లేదు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని వెక్కిరించేవాళ్ళని మాన్సోక్ ఏమీ అనేవాడు కాదు. "రండి, మా ఇంటికి భోజనానికి రండి, పదివేల బస్తాలున్నాయి" అని పిలిచేవాడు. మనిషి దున్నపోతు, మాట వెన్నపూస. వాగు పొంగితే ముసలివాళ్ళని వీపు మీద దాటించేది అతనే.

అతనిలో ఒక విడ్డూరం ఉండేది. అమ్మ చెప్పిన మాట చెప్పినట్టుగా, అక్షరం పొల్లుపోకుండా చేసేవాడు. సగం వేళాకోళం, సగం నిజం. చిన్నప్పుడు ఒకసారి బున్నే అతన్ని ఎండలో ఆరేసిన తావుల దగ్గర కూర్చోబెట్టి, "నేనొచ్చేదాకా ఇక్కణ్ణించి కదిలావో, కాళ్ళు విరగ్గొడతా" అని చెరువు గట్టుకి పోయింది. వాన వచ్చింది. ఊళ్ళో పిల్లలందరూ ఇళ్ళకి పరిగెత్తారు. ఆమె తిరిగొచ్చేసరికి వీడు తావులన్నీ పోగేసి, వాటి మీద బోర్లా పడుకుని, ముద్దగా తడిసి వణుకుతున్నాడు. "కదల్లేదమ్మా" అన్నాడు. ఆమె నవ్వి, తిట్టి, ఒళ్ళు తుడిచి, ఆ కథ వాడవాడలా చెప్పుకుని మురిసిపోయింది. నా బిడ్డ నా మాట జవదాటడు అని. తల్లులు ఎందుకు మురిసిపోవాలో, ఎందుకు భయపడాలో ఎవరు చెప్తారు?

మాన్సోక్‌కి మీసం వచ్చిన ఏడే పిలుపు వచ్చింది. ఉత్తరాన ఏటి గట్టున కాపలా. కోత అయ్యాక బయల్దేరాలి. కవచం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

బున్నే గుండెల్లో రాయి పడింది. కానీ ఆమె రాయి పడితే కూర్చునే మనిషి కాదు. తిన్నగా హ్వాంగ్ పంతులుగారి గుమ్మం ముందుకు పోయింది.

హ్వాంగ్ పంతులు రాజుగారి కొలువు పరీక్షకి జీవితమంతా వెళ్ళి జీవితమంతా తప్పిన మనిషి. భార్య పోయింది, పొలం పోయింది, తల నెరిసింది, పరీక్ష మాత్రం ఇంకా ముందే ఉంది. ఇంట్లో ఉన్నదల్లా ఒక పెద్ద చెక్కపెట్టె. దాన్నిండా ఆయన కుర్రతనం నుంచీ సాధన చేసిన రాతలు. ఆ ఊళ్ళో కచేరీ కన్ను పడని కాగితమంటే అదొక్కటే.

"పంతులుగారూ, నోరు తెరిచి అడగకూడనిది అడుగుతున్నాను" అంది బున్నే.

"అడగకు. తెలుసు" అన్నాడాయన. చాలాసేపు గెడ్డం నిమురుకున్నాడు. "పోయినసారి పరీక్షకి నా పక్క, నా సిరా రాయి, నన్నూ కూడా వాగు దాటించి మోసుకెళ్ళింది ఎవరే?"

"మావాడేనండి."

"వాడు దింపుతూ ఏమన్నాడో తెలుసా? 'తాతగారూ, మీరు నెగ్గితే తిరుగు దారిలో పల్లకీ వస్తుంది, తప్పితే నేనొస్తాను' అన్నాడు. వాడే వచ్చాడు." పంతులు పెట్టె మూత ఎత్తాడు. "తీసుకుపో. నా రాతలు పరీక్ష పెట్టేవాళ్ళ మనసుల్లోకి ఏనాడూ దిగలేదు. బాణాన్ని కూడా దిగనివ్వకుండా ఆపితే, అవి చదువుకున్న చదువుకి ఏదో ఒక ప్రయోజనం."

ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ, బున్నే పెట్టె మోసుకుపోతుంటే లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

మొదటిసారి చేసింది చెడిపోయింది. ఎవరైనా చేసే పనే ఆమె చేసింది. గోధుమపిండి జిగురు కాచి, తావు మీద తావు అతికి, ఎండబెట్టింది. బల్లచెక్కలా గట్టిగా వచ్చింది. తట్టి చూస్తే టక్కుమంది. మాన్సోక్ దాన్ని ఒంటికి కట్టుకుని వీధంతా తిరిగి, "రండ్రా, ఎవడైనా రండి" అని సవాలు చేసొచ్చాడు.

బాణం వేసి చూసే పని నామ్ ముసలాయనది. అతను కుర్రతనంలో ఆ ఉత్తరపు ఏటి దగ్గరే కాపలా కాసి వచ్చినవాడు. ఇప్పుడు కొండమీద అడవిపందుల్ని కొడతాడు. ఎడమకాలికి వేళ్ళు లేవు. ఏమయ్యాయంటే రోజుకో కథ చెప్తాడు. ఒకరోజు గుర్రం తొక్కిందంటాడు, ఒకరోజు పులి కొరికిందంటాడు.

చేను గట్టున గడ్డిబొమ్మ నిలబెట్టి, గుండె ఉండే చోట ఒక ఎండు సొరబుర్ర దోపి, దాని మీద కవచం కట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. నామ్ విల్లు ఎత్తి వదిలాడు. టప్‌మని చప్పుడైంది. కవచం అప్పడంలా విరిగింది. సొరబుర్ర ముక్కలై గింజలు కింద రాలాయి.

బున్నే వెళ్ళి ఆ పెంకులు ఏరి కొంగులో వేసుకుంది. ఆ బుర్ర పగిలిన చప్పుడు ఆమెకి తన పక్కటెముకల్లో వినిపించింది.

"జిగురేసి కాగితాన్ని కర్ర చేశావే పిల్లా" అన్నాడు నామ్. "కర్రయితే విరుగుతుంది మరి."

"ఇంక నువ్వు మాట్లాడకు బాబాయ్" అంది ఆమె. ఇంటికి పోయి ఆ కవచాన్ని నీళ్ళ తొట్టిలో పడేసి, జిగురంతా పోయేదాకా కడిగింది.

అప్పుడు మొదలుపెట్టింది అసలు పని. ఆ ఊరి ఆడవాళ్ళు సంచులకీ పొడుగు చెప్పులకీ వాడే పద్ధతే అది, కాకపోతే మనిషి ఒంటికి సరిపడా ఎవరూ చెయ్యలేదు. తడితావులు ఒకదాని మీద ఒకటి పరిచి, ముద్దచేసి, అరచేతులతో నలిపి రుద్దాలి. విప్పి, మళ్ళీ పరిచి, ఇంకో వైపు నుంచి ముద్దచేసి, మళ్ళీ రుద్దాలి. రుద్దగా రుద్దగా ఒక తావు నార ఇంకో తావు నారని పట్టుకుంటుంది. చివరికి ఏది ఏ తావో చెప్పడం చేసినవాళ్ళ తరం కూడా కాదు. మేకతోలు లాంటి మెత్తటి పొర మిగులుతుంది. లాగితే చినగదు, మడిస్తే విరగదు. బున్నే కోతలకి పోయి వచ్చి, కడుపులో ఇంత బార్లీ గంజి పోసుకుని రుద్దేది. అరచేతుల చర్మం లేచింది. పంతులుగారి సిరా ఆ పుళ్ళలోకి దిగి చేతులు నల్లబడ్డాయి. చిన్నవాడు మక్సే పక్కన కూర్చుని తన చిన్న చేతులతో వాడూ రుద్దేవాడు.

పొరలన్నీ పేర్చి, లోపలా బయటా నారబట్ట వేసి, దగ్గర దగ్గరగా కుట్టింది. ఆ కుట్లు చూడాలి మీరు, చీమలబారే. పైబట్టకి తడి దిగకుండా ఓత్ చెట్టు పాలు పూసింది. ఆ చెట్టు పాలు పడనివాళ్ళకి గాలి సోకినా దద్దుర్లే. బున్నే మొహం గుమ్మడికాయలా ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. మాన్సోక్ రోజూ పొద్దున్నే ఆమె ఎదుట కూర్చుని, "ఇంట్లోకి ఎవరో కొత్తావిడ వచ్చిందిరా మక్సే, అమ్మ ఏదీ?" అని అడిగేవాడు. ఆమె కళ్ళు కనపడకపోయినా గురి తప్పకుండా గరిటె విసిరేది.

రెండోసారి బాణం దిగలేదు.

నామ్ నమ్మలేక దగ్గరికి జరిగి ఇంకోటి వేశాడు, ఇంకా దగ్గరికి జరిగి ఇంకోటి. మూడూ కవచంలో సగం ముల్లు దాకా గుచ్చుకుని ఈగల్లా వేలాడాయి. మాన్సోక్ పరిగెత్తి సొరబుర్రని బయటికి లాగాడు. పగుల్లేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి.

"నా గుండె క్షేమమేనే అమ్మా!" అని అరిచాడు.

ఊరంతా గోల. ఎవరో తప్పెట కొట్టారు. హ్వాంగ్ పంతులు బాణాలు గుచ్చుకున్న చోట వేలు పెట్టి చూసి, "నెగ్గాను" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. బున్నే ఉబ్బిన కళ్ళతో నవ్వుతూ నిలబడింది. ఆమె బతుకులో అంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదు.

గోల సద్దుమణిగాక నామ్ గట్టు మీద కూర్చుని చెప్పు విప్పాడు.

"ఇల్లలకగానే పండగ కాదే బున్నే. అక్కడ బాణాలు ఎప్పుడో వస్తాయి, రాకపోనూ వచ్చు. చలి రోజూ వస్తుంది." వేళ్ళు లేని పాదం ముందుకు చాపాడు. "ఇవి ఏ పులి తిన్నదనుకున్నావు? ఒరేయ్ మాన్సోక్, విను. ఈ పై పూత మంచులో రాయైపోతుంది, ఒంటికి అంటదు, కింది నుంచి గాలి దూరుతుంది. చలి ముదిరితే కుట్లు విప్పెయ్. లోపలి పొరలు తీసి కాళ్ళకీ తొడలకీ కడుపుకీ చుట్టుకో. మేమందరం అదే చేశాం. నేనే ఆలస్యంగా చేశాను."

బున్నేకి ఒళ్ళు మండిపోయింది. పుళ్ళు పడ్డ చేతులు ఇంకా ఆరనే లేదు. ఎదురుగా బాణాలు దిగని కవచం ఉంది. ఈ ముసలాడు దాన్ని చింపమంటాడా?

"బాగుంది బాబాయ్ నీ సలహా! చింపుకోడానికా నేనింత చాకిరీ చేసింది? కుట్లు విప్పింది కట్టుకుంటే బాణం ఆగుతుందా? తనిఖీలో పట్టుకుంటే వీడి వీపు నువ్విస్తావా? రేపు మక్సేకి పిలుపొస్తే ఏది కట్టి పంపను? పంతులుగారి దగ్గర ఇంకో పెట్టె ఉందా?"

ఆమె అన్నదాంట్లో తప్పు ఏముంది చెప్పండి. ప్రతి మాటా నిజమే. ఊళ్ళోవాళ్ళందరూ తలలూపారు. నామ్ చెప్పు తొడుక్కుని, "నీ బిడ్డ, నీ ఇష్టం" అని లేచిపోయాడు.

ఆ సాయంత్రమే ఆమె మాన్సోక్‌ని వాళ్ళ నాన్నకి నైవేద్యం పెట్టే పీట ముందు నిలబెట్టింది. "ఒక్క కుట్టు విప్పినా నా శవం చూసినట్టే. ఇది ఎలా పోతుందో అలా రావాలి. నీ తమ్ముడి ప్రాణం కూడా ఇందులోనే ఉంది."

మాన్సోక్ వేళాకోళంగా రెండు చేతులూ జోడించి నేలకి వంగి దండం పెట్టాడు. "సరేనే మహారాణీ. ఒక్క కుట్టు కూడా విప్పను."

బయల్దేరే రోజున వేపిన బార్లీ పిండి మూట కట్టింది, సోయా ముద్ద కట్టింది, గడ్డిచెప్పుల జతలు కట్టింది. వాగు మలుపు దాకా వెళ్ళింది. కొడుకు మలుపు తిరుగుతుంటే గొంతు పూడుకుపోయింది. చల్లగా వెళ్ళి రా నాయనా అందామనుకుంది. జాగ్రత్త అందామనుకుంది. చివరికి నోటివెంట వచ్చింది మాత్రం, "కుట్టు విప్పకు!" అనే.

"విప్పనే!" అని అతను చెయ్యెత్తాడు. అదే చివరి మాట.

ఒక చలికాలం గడిచింది. రెండోది గడిచింది. తాక్ చెట్లు చిగురు వేసే వేళకి ఒక మనిషి మూట భుజాన వేసుకుని ఊళ్ళోకి వచ్చాడు. గిల్ అని పక్క లోయవాడు, మాన్సోక్‌తో కలిసి కాపలా కాసినవాడు. దేశం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచి వచ్చాడు. మూటలోంచి కవచం అంచు కనపడి, విప్పకముందే బున్నేకి తెలిసింది. బతికున్నవాడు తన కవచం ఇంకొకరి చేత పంపడు.

ముందు కవచం పెట్టాడు. దాని మీద గుడ్డలో చుట్టిన జుట్టుముడి పెట్టాడు. మాన్సోక్ జుట్టే. ఆమె దువ్వి ముడి వేసిన జుట్టు.

బున్నే జుట్టు ముట్టుకోలేదు. కవచాన్ని ముందుకు లాక్కుని తిరగేసి మరగేసి చూసింది. గుండె దగ్గర తడిమింది, వీపు దగ్గర తడిమింది.

"బాణం ఎక్కడ తగిలింది నాయనా? నాకు కనపడట్లేదు."

"బాణమా? బాణం ఏదమ్మా" అన్నాడు గిల్. "ఆ రెండేళ్ళూ ఏటికి అవతల ఒక్క గుర్రం కూడా కనపడలేదు."

"మరి దేనికి పోయాడు?"

"చలికి పోయాడమ్మా."

ఆమె చేతులు కవచం మీద ఉన్నవి ఉన్నట్టే ఆగిపోయాయి.

గిల్ చెప్పుకుపోయాడు. అతనికి చెప్పడం బరువు దింపుకోవడం. "మేమంతా మొదటి మంచుకే విప్పేశామమ్మా. తనిఖీ లేదు, గినిఖీ లేదు, తనిఖీ చేసేవాళ్ళు కూడా తమవి విప్పుకుని కడుపుకి చుట్టుకున్నారు. మావాడొక్కడే విప్పలేదు. తిట్టాం, బతిమాలాం. నా పొరల్లో సగం ఇస్తానన్నాను. 'నీది నువ్వు చుట్టుకోరా, చచ్చిపోతావు' అన్నాడు. 'మీకు మా అమ్మ తెలీదు, ఇక్కడిది ఉత్త చలి, అక్కడుంది మా అమ్మ' అని అందర్నీ నవ్వించేవాడు. మొదటి చలికాలం ఎలాగో గట్టెక్కాడు. రెండో ఏడు ఒక తెల్లారి కాపలా మార్చడానికి వెళ్తే గట్టు మీద కూర్చునే ఉన్నాడు. కవచం తాళ్ళన్నీ కట్టే ఉన్నాయి. నవ్వుతున్నట్టే ఉన్నాడు. నేను పిలిచాను కూడా."

అతను కవచం అంచు పట్టుకుని వెలుతుర్లోకి తిప్పాడు. కళ్ళల్లో నీళ్ళతోనే, ఒక మంచి వార్త చెప్పేవాడిలా అన్నాడు. "చూసుకోండమ్మా. ఒక్క కుట్టు కూడా పోలేదు. తనకేమన్నా అయితే ఇది ఇలాగే మీకు అప్పజెప్పమన్నాడు. తమ్ముడికి కావాలని."

బున్నే చూసుకుంది. ఒక్క కుట్టు కూడా పోలేదు.

ఆమె ఏడవలేదు. లేచి పొయ్యి రాజేసింది. కింది నుంచి పొగ పారి నేల వెచ్చబడే చోట, ఇంటి పెద్ద కూర్చునే చోట, గిల్‌ని కూర్చోబెట్టింది. వేడి గంజి పోసింది, ముల్లంగి పచ్చడి వేసింది, పడుకోబెట్టింది. పొద్దున్నే దారిబత్తెం కట్టి పంపింది. ఆ అబ్బాయి తను ఉపకారం చేశాననుకునే వెళ్ళాడు. అలాగే అనుకోనిచ్చింది. ఒకరిని చంపుకున్న చేత్తో ఇంకొకరి మనసు కూడా ఎందుకు విరవాలి?

పోయినవాడి ప్రాణాన్ని పిలవడానికి, వాడు తొడుక్కున్న బట్ట పట్టుకుని ఇంటికప్పు ఎక్కి, ఉత్తరం వైపు ఊపుతూ పేరు పెట్టి పిలవాలి. అది వాళ్ళ ఆచారం. మాన్సోక్ బట్టల్లో ఇంటికి వచ్చింది కవచమొక్కటే. నామ్ ఆ వేళ్ళు లేని కాలితోనే కప్పెక్కాడు. కవచం బరువు, బిరుసు. ఎంత ఊపినా బట్టలా ఎగరదు. చేతులు నొప్పెట్టేదాకా దాన్ని తల మీదికెత్తి, "మాన్సోక్! రారా! మాన్సోక్!" అని ముసలాయన అరిచాడు. కింద బున్నే తల పైకెత్తి, ఉత్తరం వైపు కాకుండా, ఆ కుట్ల వైపే చూస్తూ నిలబడింది.

ఆయన దిగి వచ్చాక, "నువ్వు చెప్పావు బాబాయ్" అంది.

నామ్ కవచాన్ని కింద పెట్టాడు. "గట్టిగా చెప్పలేదే" అన్నాడు. "నీ మొహం అంత సంతోషంగా ఉంటే గట్టిగా చెప్పబుద్ధి కాలేదు."

అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు విన్నవాళ్ళు చెప్తారు, వాగు అవతల గోడలకి తావులు అతుకుతున్న ఆడవాళ్ళు కూడా పని ఆపేశారట.

ఆ తర్వాత ఆమె ఇంట్లో వెచ్చటి చోట పడుకోవడం మానేసింది. పొయ్యి మక్సే కోసం వెలిగించేది, తను తలుపు దగ్గరి చల్లటి నేల మీద చాప వేసుకునేది. మక్సే మొదట్లో బతిమాలాడు, తర్వాత అడగడం మానేశాడు. గిల్ చెప్పిన మాటలన్నీ వాడూ విన్నాడు. పెరిగి పెద్దవాడయ్యేదాకా ఆ సంగతి తల్లి దగ్గర ఎత్తలేదు. తనకి దాచిపెట్టిన కవచం కోసం అన్న పోయాడని తెలిసిన పిల్లాడు ఎలా పెరుగుతాడో అలాగే పెరిగాడు, చప్పుడు లేకుండా.

వాడి వంతు పిలుపు కూడా వచ్చింది.

"అదృష్టవంతురాలివే బున్నే, కవచం సిద్ధంగా ఉంది, చెక్కుచెదరకుండా" అని ఒకావిడ నోరు జారి, వెంటనే నాలుక కరుచుకుని వెళ్ళిపోయింది. హ్వాంగ్ పంతులు అప్పటికే పోయాడు, ఏ పరీక్షా నెగ్గకుండానే. నామ్‌కి చూపు తగ్గింది.

బున్నే అటక మీది నుంచి కవచం దింపించింది. వాకిట్లో ఎండలో చాప వేసుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, బెరడు గీసే చిన్నకత్తి తీసింది. మెడ దగ్గర మొదటి కుట్టు కిందికి కత్తిమొన దూర్చింది. మక్సే కత్తి అందుకోబోతే, "ఉండు, నేనే" అంది.

కొడుకు విప్పని కుట్లు ఆమె విప్పింది. ఒక్కొక్కటే. అంత దగ్గర దగ్గరగా ఎందుకు కుట్టావే, అంత గట్టిగా ఎందుకు కుట్టావే అని తనని తను తిట్టుకుంటూ విప్పింది. పైబట్ట తెరుచుకుంది. లోపల పొరలు చెమ్మ అన్నది ఎరక్కుండా, చేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నలిగి నలిగి ఊదారంగుకి తిరిగిన పంతులుగారి అక్షరాలు అక్కడక్కడా కనపడుతున్నాయి. ఆమె ఆ పొరల మధ్యలోకి చెయ్యి దూర్చింది.

కాసేపు అలాగే ఉంచింది. తర్వాత మోచేతి దాకా దూర్చింది.

"మక్సే," అంది. "ఎంత వెచ్చగా ఉందిరా."

మక్సే పక్కన కూర్చుని, తనూ ఒక చెయ్యి దూర్చాడు. లోపల తల్లి వేళ్ళు దొరికితే పట్టుకున్నాడు. ఇద్దరూ అలా కూర్చునే ఉన్నారు.

మళ్ళీ కుట్టింది ఆమె. కానీ ఈసారి కుట్టిన పద్ధతి వేరు. ఎర్రదారం ఒక్కటే తీసుకుని, మెడ నుంచి అంచు దాకా, అంచు నుంచి చంక దాకా, ఎక్కడా ముడి వెయ్యకుండా జారుకుట్టు వేసింది. దారం కొసని మెడ పట్టీ బయట వేలాడనిచ్చింది. పట్టుకుని లాగితే చాలు, మొత్తం విడిపోతుంది. చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో కూడా లాగొచ్చు. కళ్ళు మూసుకుని వేళ్ళు బిగదీసి, పళ్ళతో లాగి, తనే పరీక్ష చేసి చూసుకుంది. విడిపోయింది. మళ్ళీ కుట్టింది. మళ్ళీ లాగింది. ఈసారి గడ్డిబొమ్మ లేదు, సొరబుర్ర లేదు, బాణాలు లేవు, తప్పెట లేదు. వాకిట్లో ఆమె ఒక్కతే కూర్చుని, లాగడం, కుట్టడం.

"మరి బాణం వస్తే?" అన్నాడు మక్సే. భయపడి కాదు, ఆమె చేత ఏదో ఒకటి మాట్లాడిద్దామని.

"వస్తే పరిగెత్తు. చెట్టు చాటుకి పో. సిగ్గుపడకు. కొరడా దెబ్బలు పడితే పడనీ, పుండు మానుతుంది. చింపేయ్, చుట్టుకో, తగలెట్టి చలి కాచుకో. ఇది ఇంటికి రానక్కర్లేదురా."

బయల్దేరే రోజున ఆమె మళ్ళీ వాగు మలుపు దాకా వెళ్ళింది. అదే పిండి మూట, అదే సోయా ముద్ద. మక్సే నడుస్తుంటే మెడ వెనక ఎర్రదారం కొస గాలికి ఊగుతోంది. ఈసారి ఆమె గొంతు పూడుకోనివ్వలేదు. ఇన్నేళ్ళుగా గొంతులో పెట్టుకున్న మాట అది, దానికి తడబాటు లేదు. కొండలు తిరిగి పలికేలా అరిచింది.

"మాన్సోక్! దారం లాగరా నాయనా! మాన్సోక్, లాగెయ్!"

ఏ పేరు పిలిచిందో ఆమెకి తెలీలేదు. మలుపు దగ్గర మక్సే ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు. నేను మక్సేనమ్మా అనలేదు.

"లాగుతానే అమ్మా!" అని, అన్న ఎత్తినట్టే చెయ్యెత్తాడు.